కిరీటంతో తప్పిపోయిన మనిషి

నేను ఒక గులాబీరంగు కరపత్రాన్ని. ఇంకా సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసే రోజుల్లో, తెనాలిలో సుభాని ప్రెస్సులో పుట్టాను. నా ఒంటిమీద సగానికి పైగా ఒక బొమ్మ: తలమీద కిరీటం, భుజాన గద, మెలితిప్పిన మీసం. దాని కింద చిన్న అక్షరాల్లో నాలుగు వరుసలు. బొమ్మ ఒక మాట చెబుతుంది, అక్షరాలు ఇంకో మాట చెబుతాయి. ఆ రెంటికీ పొత్తు కుదరకపోవడమే నా బతుకు.

బొమ్మలోని మనిషి కోటిలింగం. నలభై ఏళ్లు పద్యనాటకాల్లో రాజు వేషం కట్టాడు. ముసలితనంలో మతిమరుపు ముదిరి, ఒకరోజు పొద్దున పాలకని బయల్దేరి తిరిగి రాలేదు. మూడో రోజున ఆయన భార్య నాంచారమ్మ ప్రెస్సుకొచ్చింది. వేషం లేని ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు.

"నాటకాల కరపత్రాలకి వేసే ఆయన బొమ్మ అచ్చుబ్లాకు మన దగ్గరుందిగదమ్మా. ఇప్పటికిప్పుడు అదే వేద్దాం," అన్నాడు సుభాని.

"వెయ్యి నాయనా. మొహం ఆయనదేగా," అంది ఆవిడ.

ఆ మొహం రంగు కింద ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఏళ్ల తరబడి చూసీ చూసీ, రంగు దాటి మనిషినే చూసే కళ్లు వాళ్లవి. సుభాని అలవాటు కొద్దీ బొమ్మని పైన పెట్టి, చుట్టూ పూల అంచు కట్టి, "కనబడుటలేదు" అన్న మాటని వేషధారుల పేర్లు వేసే చోట కూర్చోబెట్టాడు. ఎంత అందంగా ఉన్నానో అని నేను మురిసిపోయాను కూడా. సిగ్గులేనిదాన్ని.

నన్ను పొన్నూరు బస్టాండులో యేసుపాదం టీకొట్టు గోడకి అంటించారు. వచ్చినవాళ్లంతా బొమ్మ చూసి, "నాటకం ఎప్పుడంట?" అని అడిగేవారు. చదువొచ్చినవాళ్లు సైతం కిరీటం దాటి కిందికి దిగలేదు. మనుషులు చూడటాన్నే చదవటం అనుకుంటారు.

ఐదో రోజు మధ్యాహ్నం కోటిలింగమే వచ్చాడు. మాసిన పంచె, పెరిగిన తెల్లగడ్డం, ఒక్క కాలికే చెప్పు. నా ముందు నిలబడి వెన్ను నిటారు చేశాడు. వేలితో కిరీటాన్ని తడిమాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

"ఇయ్యాల ఆట ఎక్కడ?" అని అడిగాడు.

"ఏమో తాతా, నాకూ తెలవదు. బాపట్లలోనేమో," అన్నాడు యేసుపాదం. మంచివాడు. ఊరికే టీ ఇచ్చి, చెయ్యి పట్టుకుని బాపట్ల బస్సెక్కించాడు. పక్కపక్కనే ఉన్న రెండు మొహాలనీ కలిపి చూడలేదు.

మర్నాడు నాంచారమ్మ వాకబు చేసుకుంటూ వచ్చింది. అప్పుడు యేసుపాదం నన్ను మొదటిసారి చివరిదాకా చదివి తల పట్టుకున్నాడు.

"ఈ కిరీటం తడిమి, ఆట ఎక్కడని అడిగితే, నా చేతుల్తో బాపట్ల బస్సెక్కించానమ్మా."

ఆవిడ తిట్టలేదు. బల్లమీద కూలబడి నావైపు చూసింది. "ఎవరూ గుర్తుపట్టలేదు. ఆయనొక్కడే పట్టాడు," అంది.

బాపట్లంతా గాలించినా మనిషి దొరకలేదు. వారం తరవాత ఆవిడ ఇంకో కరపత్రం తెచ్చింది. బొమ్మ అదే, పూల అంచు అదే, మాటలు మాత్రం వేరు. "పన్నెండవ తేదీ శనివారం సాయంత్రం తెనాలి రైలు స్టేషను ఎదుట నాటకం. రాజు పాత్రధారి కోటిలింగం గారు తప్పక రావలెను." అది జనం కోసం అచ్చయింది కాదు, ఒక్క మనిషి చదవడం కోసం. బొమ్మా మాటా దాని మీద కలిశాయి. దాన్ని నా పక్కనే అంటించి, మిగతావి బాపట్ల గోడలకి అంటించడానికి వెళ్లింది. నాకు అసూయ కలగలేదు, ఏడుపొచ్చింది.

పదమూడో తేదీ పొద్దున్నే నాంచారమ్మ ఒంటరిగా బస్సు దిగింది. యేసుపాదం టీ కలిపి పెట్టాడు. ఆవిడ సంచిలోంచి కలం తీసి, కరపత్రం మీద "పన్నెండవ" కొట్టేసి, పైన "పంతొమ్మిదవ" అని రాసింది. తరవాత బాపట్ల బస్సెక్కింది. అక్కడి గోడల మీదా తేదీ మార్చాలిగా.