వీపు తిప్పి విన్నది

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ పక్కన ఒక మేడ మీద ఆ సమావేశం. మెట్లెక్కుతుండగానే నిత్యానందం గారి నవ్వు వినిపించింది. నాకది నచ్చలేదు. నా చెల్లెలు నిస్సీ పోయి రెండు నెలలు కాలేదు. ఆమె రాసిన నిబంధన ఉండాలో పోవాలో ఆమె లేకుండా తేల్చబోతున్నారు. తేల్చేవారిలో ఆమెకు చెడ్డపేరు తెచ్చిన మనిషి ఉన్నాడని నా అనుమానం.

మూడు చిన్న ఇంటర్నెట్ కంపెనీలు తమ నెట్‌వర్కులను ఒకదానితో ఒకటి కలుపుకున్నాయి. ఏలూరు కంపెనీ అభిరామ్‌ది; నిస్సీ అందులో ఇంజినీరు. గూడెం కంపెనీ నిత్యానందం గారిది, కైకలూరు కంపెనీ సీమోనుది. నెట్టులో ప్రతి కనెక్షనుకూ ఒక అడ్రసు ఉంటుంది. ఒక నెట్‌వర్కు "ఈ అడ్రసులు నా దగ్గరున్నాయి" అంటే చాలు, పక్కవి నమ్మి, ఆ అడ్రసులకు వెళ్ళేదంతా అటు పంపేస్తాయి. నిజమా అని అడిగేవారు లేరు. ఇంటర్నెట్టంతా ఇలాగే నడుస్తోందని నిస్సీ చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఏలూరు నెట్‌వర్కు గూడెం అడ్రసులను తనవని చెప్పుకుంది. గూడేనికి పోవలసినవన్నీ ఏలూరు వచ్చి ఆగిపోయాయి. సాయంత్రం దాకా గూడెంలో నెట్టు లేదు. తప్పు నిస్సీదన్నారు. అప్పటికే ఆమెకు జ్వరం. ఆసుపత్రిలో నాతో అంది, "నేను మార్చలేదన్నయ్యా." మరి ఎవరని అడిగితే, "రుజువు లేకుండా పేరు చెప్పకూడదు" అంది.

నిత్యానందం గారే ఏదో పొరపాటు చేసి దాన్ని ఏలూరు మీదికి నెట్టారని నేను నిశ్చయించుకున్నాను. అభిరామ్ వైపు నా ఆలోచన పోలేదు. సమాధి దాకా పెట్టె మోసినవారిలో అతను ఒకడు. "జ్వరంలో ఏదో నొక్కేసి ఉంటుందండీ, పాపం, వదిలేద్దాం" అని అందరికీ సర్దిచెప్పిందీ అతనే.

నిస్సీ ఆసుపత్రిలో రాసిన నిబంధనలో రెండే ముక్కలు. పక్క నెట్‌వర్కు చెప్పిన అడ్రసులను సరిచూడకుండా నమ్మకూడదు. తప్పు మార్పు జరిగితే చేసినవారే అందరి ముందు ఒప్పుకోవాలి, జూన్‌లో జరిగినదానితో సహా. ఎలా తేల్చాలో కూడా ఆమే చెప్పి పోయింది. ఇంటర్నెట్ నిబంధనలు రాసే పెద్ద సభల్లో చేతులెత్తరట. నోరు మూసుకుని ఊఁ అంటారట. ఏ మోత పెద్దదైతే ఆ మాట నిలుస్తుంది. ఎవరు ఎటన్నారో తెలియదు గనక ఉద్యోగి యజమానికి భయపడనక్కరలేదు. మోత వినడానికి ఏ కంపెనీకీ చెందని మనిషి కావలసి నన్ను పిలిచారు.

"ఊఁ కొట్టడానికి ఇదేమన్నా కథేంటండీ?" అన్నాడు సీమోను. "చేపల చెరువుల గట్ల మీద తీగ లాక్కునేవాణ్ణి. చెయ్యెత్తమంటే ఎత్తుతాను."

"నువ్వెత్తితే మీవాళ్ళందరూ ఎత్తుతారు. అందుకేనయ్యా ఇది," అన్నారు నిత్యానందం గారు. "జ్ఞానయ్య మాస్టారండీ, మీరు గోడవైపు తిరగండి. మిగతావాళ్ళు కళ్ళు మూసుకోండి."

"మాస్టారు అటు తిరిగితే క్లాసు ఏమవుద్దో మనకి తెలవదేంటండీ!" అన్నాడు సీమోను. అందరూ నవ్వారు.

తిరిగాను. "నిబంధన కావాలనేవారు," అన్నాను.

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా లేచింది నిత్యానందం గారి గొంతు. నేను అనుమానించిన ఆయన వెనకే గదిలో సగానికి పైగా గొంతులు కలిశాయి. నేను బోర్డు మీద రాస్తుండగా వెనక మూసిన నోటితో ఊఁ అనేది ఏ బెంచీలో ఎవరో నాకెప్పుడూ తెలుస్తుంది. మాస్టారి చెల్లెలై ఉండీ నిస్సీకి ఆ సంగతి తట్టలేదు.

"వద్దనేవారు."

సీమోను మనుషులు ముగ్గురు. పని పెరుగుతుందని వారి భయం కాబోలు. ఆ గొంతుల చాటున ఇంకొకటి, కిటికీ పక్క నుంచి, వాటిని దాటకుండా జాగ్రత్తపడుతూ. అభిరామ్.

"మాస్టారూ? ఏదండీ ఎక్కువ?"

"కావాలన్నదేనండీ," అన్నాను ఇటు తిరిగి.

"అయితే జూన్ సంగతి చెప్పాలి," అన్నారు నిత్యానందం గారు.

అభిరామ్ గొంతు సవరించుకున్నాడు. "ఆ అమ్మాయి లేదు కదండీ. పోయినవాళ్ళ పేరు ఎందుకు లాగడం? మాస్టారు బాధపడతారు."

"నా బాధ అలా ఉంచండి," అన్నాను. "తను మార్చలేదని నిస్సీ నాతో చెప్పింది. మీ రూటరు పాస్‌వర్డు ఆమె కాక ఇంకెవరికి తెలుసండీ?"

అతను బల్ల వైపు చూపు దించాడు.

"నాకే," అన్నాడు. "గూడెం కస్టమర్ ఒకతను మా వైపు వస్తానన్నాడు. అతని అడ్రసులు పెట్టబోతే మొత్తం గూడెంవి పడ్డాయి. చెబుదామనే అనుకున్నానండీ. ఈలోగా ఆమె ఆసుపత్రిలో చేరింది…"

"పోయిన పిల్ల మీద వేసేశావా?" అన్నారు నిత్యానందం గారు.

"అప్పటికింకా బతికే ఉందండీ," అన్నాను.

నేను సంచి తీసుకుని కిందికి దిగాను. నిత్యానందం గారు నా వెనకే వచ్చి బస్టాండు దాకా నడిచారు. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. ఏలూరు బస్సు దగ్గర మెల్లగా అడిగారు:

"వద్దన్నవాళ్ళెవరో మీకు తెలిసిపోయింది కదండీ?"

"లేదండీ," అన్నాను. "నేను గోడవైపు తిరిగి ఉన్నాను."