ముల్లంగికీ ఉంది తరగతి

"ఏమేవ్, సారుకి టీ పట్రా!"

వసారాలోంచి భర్త కేక వినపడేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా బురదనీళ్ళలో ఉన్నాయి. తొట్టెడు ముల్లంగి. ఒక్కొక్కటీ బ్రష్షుతో రుద్ది, తోక కోసి, కట్టలు కట్టి బుట్టలకెత్తాలి. చీకటితో లేచిన దగ్గర్నుంచీ అదే పని. కుడి మణికట్టు అప్పుడే లాగడం మొదలుపెట్టింది. నిరుడు వానల్లో ఈ తొట్టి దగ్గరే జారిపడి విరిగిన చెయ్యి అది, వంకరగా అతుక్కుంది. ఆపరేషన్ చేస్తే తిన్నగా అవుతుందన్నాడు డాక్టరు. "ఇంట్లో జారిపడ్డదానికి అంత ఖర్చా? చూసుకుని నడవద్దూ!" అని తేల్చేశాడు భర్త.

ఇంట్లోనట! ఇంట్లో కూర వండుకోవడానికి ఎవరైనా బండెడు ముల్లంగి కడుగుతారా?

టీ పెట్టి తీసుకెళ్ళింది. వచ్చినాయన వ్యాపారాల నమోదు ఆఫీసరు. ఏ వ్యాపారం ఏ తరగతిలోకి వస్తుందో తేల్చి, అందులో పనిచేసేవాళ్ళని రాసుకుంటాడు. అలా రాసుకున్నవాళ్ళకి పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఉచితం, పాత దెబ్బైనా సరే. ఆ మాట చెవిన పడగానే ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"షెడ్డు కప్పు కింద ఏమైనా పండిస్తారా? అది వేరే తరగతి," అంటున్నాడాయన.

"అబ్బే, మాదంతా ఆరుబయటే సార్."

"అయితే ఆరుబయట కూరగాయల సాగు. మరి కడగడం, కట్టలు కట్టడం?"

భర్త నవ్వాడు. "అదీ ఒక పనేనా సార్! ఇంటి వెనక మా ఆడవాళ్ళు చూసుకుంటారు. వంట చేసుకుంటూ, పనిలో పని."

"పండించినచోటే చేస్తే అదీ సాగులోకే వస్తుంది. ఇంటి పనంటే మాత్రం నేను రాయలేను. మొత్తం ఎంతమంది?"

"ముగ్గురం. నేను, మా తమ్ముడు, ఒక కూలిమనిషి."

"మరి ఈవిడ?"

"మా ఆవిడండీ. ఇంట్లోనే ఉంటుంది."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. గ్లాసులు అక్కడ పెట్టేసి పెరట్లోకి వచ్చి నిలబడింది. ముల్లంగి ఆకాశం కింద పెరిగిందా, కప్పు కింద పెరిగిందా అని ఆరా తీశారే, ముల్లంగికీ ఒక తరగతి ఉందే, దాన్ని కడిగిన చేతికి లేకుండా పోయిందా? తను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ తొట్టి పొలం గట్టునే ఉండేది, పంపు పక్కన. పెళ్ళైన ఏడాదికి ఆయనే తెచ్చి ఇక్కడ పడేశాడు. "ఇక్కడైతే పొయ్యి మీద ఓ కన్నేసి ఉంచొచ్చు, నీకే సుఖం," అన్నాడు. పిచ్చిది, తను కూడా నిజమే కాబోలు అనుకుంది. ఎంత సుఖమో! అన్నం మాడితే తిట్లు, కట్టలు ఆలస్యమైతే తిట్లు. నొప్పి అంటే అత్తగారు ఊరుకునేదా? "నా చేతులు నలభై ఏళ్ళు తడారలేదు, నేనేమైనా అడిగానా?" అనేది. అడగలేదు, నిజమే. ఇప్పుడావిడ వేళ్ళు కొంకర్లు పోయి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి.

ఆమె ముల్లంగిని బుట్టల్లోకి ఎత్తేసింది. తొట్టిని ఒక పక్కకి వంచింది. బురదనీళ్ళు భళ్ళున పెరడంతా పారాయి.

గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తున్న అత్తగారు ఉలిక్కిపడింది. "అమ్మాయ్, ఏంటా చోద్యం?"

"దీన్ని పొలంలో పెడుతున్నా అత్తయ్యా. మీరు కడిగినప్పుడు ఎక్కడుండేదో అక్కడే."

ఎడంచేత్తో లాగుతుంటే రేకుతొట్టి రాళ్ళమీద కీచుమంటోంది. సందు మలుపులో ఇరుక్కుంది. వంకర చెయ్యి కూడా వేసి లాగింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి తప్ప తొట్టి కదల్లేదు. అంతలో అవతలి పక్క తేలికైంది. అత్తగారు! కొంకర్లు పోయిన వేళ్ళని తొట్టి అంచుకింద దూర్చి, పళ్ళు బిగించి ఎత్తుతోంది.

"చూస్తావేం, పద," అంది ముసలావిడ. "నేనూ అప్పుడే అడగాల్సింది."

ఇద్దరూ తొట్టి మోసుకుంటూ వసారా ముందుకు వచ్చారు. సంచీ సర్దుకుంటున్న ఆఫీసరు తలెత్తాడు. భర్త గబుక్కున లేచాడు.

"అమ్మా! నీకేం పోయేకాలం? సారు ముందు ఏంటీ వేషాలు? ఇద్దరూ ఎక్కడికి?"

ఆమె ఆగలేదు. గట్టు వైపే చూస్తూ చెప్పింది.

"పనికి. ఇద్దరం. రాసుకోండి సార్."