సగం దాచిన మాత్రలు

మా అమ్మాయి లహరికి చలిజ్వరం వచ్చిన మూడో రోజు పొద్దున డాక్టరు నన్ను అడిగాడు.

"ఈడికి వచ్చేముందు ఇంట్లో ఏమన్నా మాత్రలు వేసినారా?"

"లేదు" అన్నాను.

ఇరవై ఆరేళ్లుగా రాప్తాడు దగ్గరి హైస్కూల్లో పిల్లలకు సైన్సు చెబుతున్నవాణ్ని. ఆ మాట నా నోటి నుంచి ఎందుకలా వచ్చిందో ఇప్పటికీ సరిగా తెలియదు. సిగ్గు కావచ్చు. మంచం మీద లహరి కళ్లు తెరిచి నావైపు చూసింది. మళ్లీ మూసుకుంది.

అదే ఆసుపత్రి. యాభై రెండు రోజుల కింద మా ఇంటామె వనజాక్షి అక్కడే పోయింది. తుంటి ఎముక విరిగితే ఆపరేషను చేయించాము. ఎముక బాగానే ఉందన్నారు. మూత్రం కోసం పెట్టిన గొట్టం వెంబడి ఒక సూక్ష్మజీవి లోపలికి పోయి రక్తంలో చేరింది. దాని పేరు క్లెబ్సియెల్లా. ల్యాబు ఇచ్చిన కాగితం మీద మందుల పేర్లు వరుసగా ఉన్నాయి. దాదాపు ప్రతి పేరుకూ ఎదురుగా ఆర్ అనే అక్షరం ఉంది. ఆ మందుకు లొంగదని అర్థం. అన్నింటికన్నా కింద ఒకే ఒక్క మందు మిగిలింది. అదే ఇచ్చారు. దాన్ని ఆమె మూత్రపిండాలు తట్టుకోలేకపోయాయి.

ఆమె ఆసుపత్రిలో ఉన్న పద్దెనిమిది రోజులూ తల్లి దగ్గర ఉన్నది లహరే. మూత్రం సంచి తానే ఖాళీ చేసేది. వార్డు కుళాయిలో నీళ్లు పొద్దున గంటసేపు వచ్చేవి. ఆ తర్వాత బకెట్లో పట్టి పెట్టుకున్న నీళ్లే గతి. అరచెంబు నీళ్లతో చేతులు కడుక్కోవడం మా వైపు పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. లహరి ఒక మగ్గు నీళ్లు ముంచి, అందులో సగంతో చేతులు తడుపుకుని, తల్లికి అన్నం తినిపించి, తానూ తినేది. నేను చూస్తూనే ఉన్నాను. నీళ్లు వృథా చెయ్యదని లోపల మెచ్చుకున్నాను కూడా.

ఇప్పుడు అదే వరండాలో, అవే తాడిపత్రి బండల మీద కూర్చుని, అదే కాగితం కోసం ఎదురుచూడాలి. నా కూతురి పేరు మీద వచ్చే కాగితంలో ఒక్క మందైనా మిగులుతుందా, లేదా. నాకు కావలసింది అదొక్కటే.

మాత్రల సంగతి చెప్పాలి.

మా వైపు విత్తనం అంతా ఒక్క పదునుకే వెయ్యరు. మొదటి వానకు సగం విత్తి, సగం దాచుకుంటారు. ఆ వాన మోసం చేస్తే దాచిన సగమే దిక్కు. ఇంట్లో ఆకలైనా విత్తనపు కాయల మూట విప్పరు. ఈ అలవాటు మందుల దాకా ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. డాక్టరు పది మాత్రలు రాస్తే, జ్వరం దిగేదాకా నాలుగు మింగి, ఆరు దాచుకుంటాము. ఊళ్లో అందరూ అంతే. నేను ఇంకొక అడుగు ముందుకు వేశాను. ఇంగ్లీషు పేర్లు చదవగలిగినవాణ్ని గనుక, మిగిలిన మాత్రలు తెచ్చి నా దగ్గరే పెట్టేవాళ్లు. మా ఇంట్లో వాటికి ఒక బిస్కెట్ల రేకుడబ్బా ఉండేది. వనజాక్షి చిన్న చిన్న కాగితాల మీద 'దగ్గు', 'చీము పుండ్లు', 'విరేచనాలు' అని రాసి, ఒక్కొక్క మాత్రల అట్టకు రబ్బరు బ్యాండుతో చుట్టేది. గుండ్రటి అక్షరాలు. ఎవరికి ఏది కావాలన్నా ఒక్క నిమిషంలో తీసి ఇచ్చేది. ఊరికి ఇది మేము చేసే సేవ అనుకున్నాను.

లహరికి మూత్రంలో మంట మొదలైన రోజు నేను బడిలో ఉన్నాను. ఆమె డబ్బా తెరిస్తే 'మూత్రం మంట' అని తల్లి చేతిరాత కనిపించింది. ఆ అట్టలో ఆరు మాత్రలు ఉన్నాయి. మూడు వేసుకుంది. సాయంత్రం నాకు చెబితే, "మంచి పని చేసినావు" అన్నాను.

మధ్యాహ్నం వరండాలో ఉండలేక లోపలికి పోయాను. లహరికి దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు కొట్టుకుంటున్నాయి.

"నాయనా."

"ఏం తల్లీ."

"డాక్టరుకు అబద్ధం చెప్పినావు గదా."

"అవును."

"పోయి చెప్పు నాయనా. నాకు భయమైతాంది."

ల్యాబు కింది అంతస్తులో ఉంది. అక్కడ పనిచేసే డాక్టరమ్మ పేరు జాయ్. గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. వనజాక్షి కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే వచ్చాయి గనుక నన్ను గుర్తుపట్టింది. నేను నిలబడే చెప్పాను. డబ్బా సంగతి, మూడు మాత్రల సంగతి, పొద్దున చెప్పిన అబద్ధం.

ఆమె చేతిలో పెన్ను కింద పెట్టింది.

"సారూ, మీరే ఇట్ల చేస్తే ఊరోళ్లను ఏమనాల? మాత్ర పడిన తర్వాత తీసిన శాంపిలు సార్ ఇది. దాంట్లో పురుగు పెరగకపోవచ్చు. పెరగలేదని మేము కాగితం ఇస్తాము. ఏమీ లేదని మీరు ఇంటికి పోతారు. అది లోపల్నే ఉంటాది."

ఆమె ఫోను దగ్గరికి లాక్కుంది.

"ఇప్పుడైనా చెప్పినారు. పైన డాక్టరుకు నేను ఫోన్ చేస్తా. మీరు కూర్చోండి, పడిపోయేటట్లుండారు."

కూర్చున్నాను. వనజాక్షి ఒంట్లో చేరిన సూక్ష్మజీవి అన్ని మందులను ఎట్లా తట్టుకుందని అడిగాను. ఆమె ఉన్నప్పుడు అడగడానికి ధైర్యం లేకపోయింది. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది.

"కొన్నిటికి కత్తెర మాదిరి ఒకటి ఉంటాది సార్. మందు దగ్గరికి రాగానే తుంచేస్తాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును మోటరు పెట్టి తోడినట్ల బయటికి తోడేస్తాయి. కొన్ని మందు వచ్చే వాకిలే మూసుకుంటాయి. మీ మేడం గారి దానికి మూడూ ఉండె. ఆ గొట్టం లోపల పాచి కట్టి కూర్చున్నాది."

"మేము మాత్రలు సగంలో ఆపినందుకే అట్లయిందా?"

"ఆమెది ఆసుపత్రిలో అంటుకున్నాది. ఆసుపత్రిదీ తప్పే, ఊరిదీ తప్పే. ఎవరి మాత్రతో మొదలైందో ఎవరూ చెప్పలేరు సార్. నన్ను అడగొద్దండి."

చెప్పలేరు అన్న మాట నాకు ఊరట అనిపించలేదు.

మరుసటి రోజు పదకొండు గంటలకు ఆమే పైకి వచ్చింది. "పెరిగినాది సార్. ఇ-కోలై అనే పురుగు. మేడం గారికి వచ్చిన జాతి కాదు, వేరేది."

నేను గోడ పట్టుకుని, "అయితే ఏమీ కాదు గదా" అన్నాను.

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మా నాయన రైలు గార్డు సార్. మా చిన్నప్పుడు గుంతకల్లులో ఒక బండి పెట్టెలు కొన్ని విప్పి ఇంకొక బండికి తగిలిచ్చేటోళ్లు. అది పోయే ఊరు వేరు, ఇది పోయే ఊరు వేరు. పెట్టె మాత్రం అదే. ఈ పురుగులు కూడా అట్లే. మందును తుంచే విద్య ఒక చిన్న పెట్టెలో ఉంటాది. ఒక జాతి దాన్ని ఇంకొక జాతికి తగిలిస్తాది. కడుపులో పక్కపక్కన ఉంటే చాలు. పాప పద్దెనిమిది రోజులు ఈడే ఉండె గదా."

"అంటే?"

"జాతి వేరైనా పెట్టె అదే అయి ఉండొచ్చు. రేపు పొద్దునకు తెలుస్తాది."

ఆ రోజంతా లహరి చేతులనే చూస్తూ కూర్చున్నాను. సన్నటి వేళ్లు. వాళ్లమ్మవే. నా చేతులు ఐదుసార్లు కడుక్కున్నాను, ప్రతిసారీ మగ్గులో నీళ్లు మిగల్చాలనే తొందర. డాక్టరు కొత్త మందు మొదలుపెట్టాడు గాని, అది పనిచేస్తుందో లేదో ల్యాబే చెప్పాలన్నాడు. జ్వరం నూటమూడు దగ్గర ఆగింది. దిగలేదు.

మా పక్కపొలం బయ్యన్న క్యారియరు తెచ్చాడు. కొంచెం కుంటుతున్నాడు. నేను గమనించాను గాని అడగలేదు. నా కళ్లకు ఆ రోజు ఒక్క మనిషే కనిపిస్తోంది.

పొద్దున ఎనిమిదికే కింద ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డాను. జాయ్ మేడం లోపలికి పిలిచింది. గాజు పళ్లెం ఒకటి వెలుతురుకు ఎత్తి పట్టింది. పళ్లెమంతా పలచటి మీగడలాగా సూక్ష్మజీవి పెరిగి ఉంది. దాని మీద చిన్న చిన్న తెల్ల బిళ్లలు. ఒక్కొక్క బిళ్లలో ఒక్కొక్క మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని ఖాళీ గుండ్రంగా కనబడుతుంది. ఈ పాఠం పిల్లలకు నేనే చెప్పాను, నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి.

మొదటి బిళ్ల అంచు దాకా మీగడ. రెండోదీ అంతే.

"ఇది మీరు ఇంట్లో వేసిన మాత్ర" అంది మూడోదాన్ని చూపించి. దాన్నీ మీగడ తాకుతోంది. నాలుగు, ఐదు.

"ఇది చూడండి సార్."

ఆరో బిళ్ల చుట్టూ ఖాళీ ఉంది. రూపాయి బిళ్లంత. దాని పక్కదాని చుట్టూ కూడా.

"పైన ఎక్కిస్తాండేది ఇదే మందు. మేడం గారి పెట్టె దీనికి రాలేదు. పది రోజులు ఎక్కియ్యాల. ఒక్క పూట కూడా తగ్గగూడదు. తగ్గిస్తే ఈ ఖాళీ పోతాది."

నేను ఆమెకు దణ్ణం పెట్టబోతే చేతులు వెనక్కి తీసుకుంది. "చేతులు కడుక్కొని పైకి పోండి సార్. నిండా నీళ్లు పోసుకొని."

ఆ సాయంత్రం జ్వరం దిగింది. మందు మొదలైన ఆరో రోజుకు లహరి లేచి కూర్చుని తల దువ్వుకుంది. బయ్యన్న మళ్లీ వచ్చాడు.

"ఏం సారూ, పాపకు జ్వరం ఇడిసినాది గదా. ఇంగా సూదులెందుకు పొడిపిస్తాండావు? మిగిలినవి దాచిపెట్టు. మళ్ల అక్కరకొస్తాయి."

"సూదులు దాచుకునేకి అవేమన్నా శెనక్కాయలా మామా?" అంది లహరి.

"నీకు నోరొచ్చినాదంటే నయమైనట్లే పో" అని నవ్వి, నావైపు తిరిగాడు. "సారూ, ఇంటి బీగం చెవి ఇయ్యి. ఆ డబ్బాలో నాయి మాత్రలు ఉండాయి. మీ ఇంట్లో ఆమె ఇచ్చినాది గదా, చీముకు. అప్పుడు నాలుగు మింగితే మానింది. మిగిలినవి కావాల."

"యాడ చీము?"

పంచె ఎత్తాడు. పిక్క మీద గుడ్డ కట్టి ఉంది. గుడ్డ విప్పకముందే వాసన వచ్చింది. చుట్టూ చర్మం నల్లగా నిగనిగలాడుతోంది. వనజాక్షి మాత్రలు తీసి ఇస్తున్నప్పుడు పక్కన నిలబడి, "నాలుగు చాలులే, తగ్గకపోతే చూద్దాం" అన్నది నేనే.

"ఆ మాత్రలు ఇయ్యను బయ్యన్నా."

"ఎందుకప్పా?"

"కింద ల్యాబుకు పోదాం రా."

అతని మొహం మారింది. "గోకినంత పుండుకు ల్యాబెందుకు సారూ? ఆమె ఉన్నెప్పుడు అడగంగానే తీసిచ్చేది. నీకు ఇయ్యబుద్ధి కాలేదని చెప్పరాదా?"

నేను లేచాను. అతని చెయ్యి పట్టుకున్నాను. వేడిగా ఉంది.

"మామా, నాయనతో పో" అంది లహరి. ఆమె గొంతులో ఇప్పుడు పరాచికం లేదు.

మెట్లు దిగుతున్నంతసేపూ బయ్యన్న తిడుతూనే ఉన్నాడు. జాయ్ మేడం గుడ్డ విప్పి చూసింది. దూదిపుల్లతో చీము తీసి సీసాలో పెట్టింది.

"మాత్రలు ఏమన్నా వేసినారా?" అని అడిగింది.

"లేదు" అన్నాడు బయ్యన్న.

"వేసినాడు" అన్నాను నేను. "నాలుగు. నేనే ఇప్పించినాను."

ఆమె రాసుకుంది. కాగితం రావడానికి రెండు రోజులు పడుతుందని చెప్పింది.