నాలుగో మేరీ

శవపేటిక మూతకు కొట్టిన తగరపు రేకు మీద "మేరీ జోన్స్" అని చెక్కి ఉంది.

గ్వెనో మూత పక్కకు జరిపి లోపలికి చూసింది. చెల్లెలే. మోర్విద్. చిన్నప్పుడు రాతిగోడ దూకబోయి పడినప్పటి మచ్చ ఎడమ కనుబొమ్మ మీద అలాగే ఉంది. జుట్టు ఎవరో హడావిడిగా దువ్వి పనిమనుషుల టోపీ కింద దోపేశారు.

"పేరు తప్పు పడింది," అంది గ్వెనో.

ప్లాస్ బంగళా వెనకాల బట్టలుతికే గది అది. ఇంటి పెత్తనం చేసే మిసెస్ ప్లమ్లీ నడుముకు తాళాల గుత్తి వేలాడేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. అదృష్టమో దురదృష్టమో, గ్వెనో బడిలో ఇంగ్లీషు నేర్చుకుంది.

"తప్పేం లేదు. ఈ ఇంట్లో ఆ పిల్ల పేరు మేరీయే."

"మా అమ్మ పెట్టిన పేరు మోర్విద్."

"పెట్టే ఉంటుంది. మీ వేల్స్ పేర్లు దొరసానిగారికి నోరు తిరగవు. రెండో పనిమనిషిగా ఎవరు చేరినా మేరీ అనే పిలుస్తాం. పేరు ఆ గదితో పాటు వస్తుంది. నేను వచ్చాక ఈ పిల్ల నాలుగో మేరీ. ఇన్నేళ్ళలో ఎవరూ ఇంత రాద్ధాంతం చెయ్యలేదు."

"చచ్చాక కూడా మేరీయేనా?"

"దొరసానిగారు సొంత ఖర్చుతో రాయి వేయిస్తున్నారు. 'మేరీ, నమ్మకమైన సేవకురాలు' అని. శనివారం చర్చిలో రెక్టరుగారే స్వయంగా ప్రార్థన చదువుతారు. మీ కొండల్లో ఎవరికి జరిగింది ఇంత మర్యాద?"

గ్వెనో పళ్ళు బిగించింది. "మర్యాద మీ దగ్గరే ఉంచుకోండి. మీ చర్చి మాది కాదు. మా చాపెల్ దగ్గర మా నాన్న సమాధి ఉంది. ఆయన పక్కన పూడ్చుకుంటాం. ఇవాళే బండి తెస్తాను."

ప్లమ్లీ ముక్కు ఎగబీల్చింది. "వారం పాటు ఊపిరితిత్తుల జ్వరంతో పడి ఉంటే ఇంట్లోవాళ్ళు ఒక్కరు వచ్చి చూశారా? ఇప్పుడు బండి తెస్తుందట బండి!"

"మాకెవరు చెప్పారు?"

"మొదటి రోజే గుర్రపుశాల కుర్రాడు టుడుర్‌కు గుర్రమిచ్చి పంపాను. వాడు వెళ్ళి మీ అమ్మకు చెప్పాడు. ఆ మహాతల్లి వాడి మొహం మీదే తలుపు వేసింది. ఇక్కడ ఈ పిల్లేమో అమ్మా అమ్మా అని మీ భాషలో ఒకటే కలవరింత. పక్కన కూర్చున్నదాన్ని నేను. మీరు కాదు."

అమ్మ క్రిస్మస్ ముందు నుంచీ మంచం మీదే ఉంది. లేచి తలుపు వెయ్యడం కాదు కదా, పక్కకు ఒత్తిగిలాలన్నా గ్వెనో చెయ్యి వెయ్యాలి. మోర్విద్ పోయిందన్న కబురు కూడా ప్లాస్ నుంచి రాలేదు. పెట్టె చేసిన వడ్రంగి ఇథెల్ పొద్దున్నే కొండెక్కి వచ్చి చెప్పాడు.

ఆమె నేరుగా గుర్రపుశాలకు నడిచింది. టుడుర్ ఓ గుర్రం డెక్క ఒళ్ళో పెట్టుకుని గీకుతున్నాడు.

"మా చెల్లికి బాలేదని ఎవరింటికి వెళ్ళి చెప్పావ్?"

"ఇంకెవరింటికి? మేరీ వాళ్ళింటికే. పెన్‌రియు. ప్లమ్లీ అమ్మగారు ఇంటి పుస్తకం తీసి చదివి మరీ చెప్పింది."

"మాది పెన్‌రియు కాదురా! హావోద్ లాస్. మూడేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని దానితో అన్నం తిన్నావు. దాని ఊరేదో తెలీదా నీకు?"

టుడుర్ డెక్క వదిలేసి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది. "నేను అవతలి లోయవాణ్ణి అక్కా. పుస్తకంలో ఉందంటే ఉందనుకున్నా. మరి ఆ పెన్‌రియు ముసలావిడ ఎవరు?"

ఆ ముసలావిడ ఎవరో తెలుసుకోవడానికి గ్వెనో అటువైపు కొండ ఎక్కింది. చలిగాలి మొహాన కొడుతోంది గానీ ఒళ్ళంతా మండిపోతోంది. దారిలో ఇథెల్ ఎదురుపడ్డాడు. ఎస్టేటు వడ్రంగి, వాళ్ళ చాపెల్ మనిషే. మోర్విద్‌ను బుడి బుడి నడకల నాటి నుంచీ ఎరిగినవాడు.

"ఆ రేకు నువ్వే చెక్కావా బాబాయ్?"

ఇథెల్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "కాగితం మీద రాసిచ్చారే. రాసిచ్చిందే చెక్కాను."

"ఆదివారం బడిలో దానికి అక్షరాలు దిద్దించింది నువ్వు!"

"తిట్టు, పడతాను. నాకూ నలుగురు పిల్లలున్నారు, నేనుండే ఇల్లు కూడా దొరదే."

"అయితే కొత్త రేకు కూడా దొరనే అడిగి చెక్కు," అని గ్వెనో ఆగకుండా సాగిపోయింది.

పెన్‌రియులో ఒంటి గది ఇల్లు. తలుపు తీసిన బెటి నడుము వంగిన మనిషి. విషయం వినగానే పొయ్యి పక్క కుర్చీలో కూలబడింది.

"నేను వాణ్ణి కర్రతో కొట్టబోయాను తల్లీ. వెక్కిరించడానికి వచ్చాడనుకున్నా. 'మీ మేరీకి బాలేదు, రమ్మంటున్నారు' అన్నాడు. నా నెస్టా పోయి మూడేళ్ళు దాటింది. వాళ్ళ చర్చి తోటలోనే ఉంది. రాయి మీద మేరీ అని చెక్కించారు. దాన్ని ఆ ఇంట్లో మేరీ అనేవాళ్ళని ఆ రాయి చూసేదాకా నాకు తెలీదు. చచ్చినదానికి మళ్ళీ జబ్బేమిటని తలుపేశాను."

గ్వెనోకు అప్పుడు అంతా అర్థమైంది. నెస్టా పోయింది. అదే గదిలోకి, అదే పేరులోకి మోర్విద్ వచ్చింది. పుస్తకంలో మేరీ అన్న వరస అలాగే ఉంది. మనిషి మారిందని ఊరి పేరు మార్చాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఒక తల్లికి చచ్చిపోయిన కూతురి జబ్బు కబురు పంపారు. ఇంకో తల్లికి బతికున్న కూతురి కబురు పంపలేదు.

"అది అమ్మని పిలుస్తూనే ఉందట పిన్నీ. మనవాళ్ళకు నా మీద అంత కోపమా అనుకుంటూ పోయి ఉంటుంది."

బెటి ఓట్ రొట్టె, గిన్నెడు మజ్జిగ బల్ల మీద పెట్టింది. గ్వెనో ముట్టుకోలేదు. ముసలావిడ ఆమె గడ్డం పట్టుకుని మొహం ఎత్తింది.

"ఏడుపు తర్వాత. ముందు తిను. ఆ తర్వాత ఎవరి పీక పట్టుకోవాలో చెప్పు, నేనూ వస్తా."

మర్నాడు పొద్దున గ్వెనో ప్లాస్ ఎస్టేటు ఆఫీసులో నిలబడి ఉంది. బెటి పక్కనే. ఏజెంటు స్టాక్‌డేల్ కుర్చీ లోంచి లేవలేదు. గోడ నిండా బీరువాలు, బీరువాల నిండా తోలు అట్టల పుస్తకాలు. ఆమోరీ వంశం వాళ్ళు రెండు వందల ఏళ్ళుగా ఏ పొలంలో ఎన్ని గొర్రెలున్నాయో, దొరసాని ఏ విందుకు ఏ గిన్నెలు తీయించిందో, ఏ గుర్రం ఏ గుర్రానికి పుట్టిందో రాయించి దాచుకున్నారు. గుర్రాల పేర్లు మాత్రం ఒక్కటీ తప్పు పోలేదు.

"శనివారం అంత్యక్రియలు. ఏర్పాట్లన్నీ అయిపోయాయి," అన్నాడు స్టాక్‌డేల్. "దొరసానిగారి మనసు నొప్పించకండి."

"మా పిల్లను మాకివ్వండి. దాని పేరుతో ఇవ్వండి."

"పేరు, పేరు! చర్చి కాగితాల్లో, డాక్టరు కాగితంలో, మరణాల రిజిస్టర్లో మేరీ జోన్స్ అని ఎక్కిపోయింది. ఇప్పుడేం చేస్తాం?"

"మీ రిజిస్ట్రారు దగ్గర నుంచే వస్తున్నాం," అంది గ్వెనో. "టౌన్‌లో మందుల కొట్టాయన. మోర్విద్ పుట్టినప్పుడు పేరు రాసుకున్నదీ ఆయనే. నేనూ బెటి పిన్నీ ఆయన ముందు బైబిల్ మీద ప్రమాణం చేసి జరిగింది చెప్పాం. చనిపోయినవాళ్ళ పేరు తెలిసి తెలిసి తప్పు చెప్పడం నేరమట. ఎవరు చెప్పారని అడిగాడు. మిసెస్ ప్లమ్లీ అన్నాను. సాయంత్రం ఆవిణ్ణి అడగడానికి వస్తున్నాడు. మూడేళ్ళ కిందటి మేరీ గురించి కూడా అడుగుతాడట."

స్టాక్‌డేల్ చేతిలో కలం ఆగింది.

"మీరు మేరీ జోన్స్‌ని పూడ్చుకోవాలంటే పూడ్చుకోండి," అంది గ్వెనో. "ముందు ఆ మేరీని కన్నతల్లిని తెచ్చి నా ముందు నిలబెట్టండి."

బెటి వేల్స్ భాషలో ఏదో గొణిగింది.

"ఏమంటోంది ముసల్ది?" అన్నాడు ఏజెంటు.

"మీకు పెళ్ళయిందా అని అడుగుతోంది. అయితే మీ ఆవిడని కూడా ఇంట్లో మేరీ అనే పిలుస్తారా అని."

స్టాక్‌డేల్ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు బల్ల మీద వేళ్ళు ఆడించాడు. తర్వాత నెమ్మదిగా, దాదాపు స్నేహంగా మాట్లాడాడు. "హావోద్ లాస్ కదూ మీది? ఏడాదికోసారి తిరగరాసే కౌలు. మీ అమ్మగారు మంచం మీద ఉన్నారని విన్నాను. ఈ చలిలో ఇల్లు మారడం పాపం ఆవిడకు కష్టం కదూ? ఒక్కసారి ఆలోచించుకో."

ఈ మాట వస్తుందని గ్వెనోకు తెలుసు. రాత్రే తల్లికి చెప్పింది. తల్లి చాలాసేపు దూలాల వైపు చూస్తూ పడుకుని, "మీ నాన్న ఆ కప్పు రెండుసార్లు నేశాడు," అంది. ఆ తర్వాత, "నా పిల్ల నన్ను పిలిస్తే నేను పలకలేదు. ఇప్పుడు కప్పు చూసుకుని మళ్ళీ ఊరుకోమంటావా? పోయి తీసుకురా," అంది.

"ఆలోచించుకునే వచ్చాను," అంది గ్వెనో.

"అయితే మార్చి ఆఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యండి. ఆ పెట్టె తీసుకుని పొండి."

శనివారం మధ్యాహ్నం చాపెల్ మగవాళ్ళు ఆరుగురు పెట్టె భుజాల మీదికి ఎత్తారు. వాళ్ళలో ఇథెల్ ముందున్నాడు. మూత మీద కొత్త రేకు ఉంది. అది చెక్కినందుకు తన పని ఉంటుందో ఊడుతుందో అతనికి తెలీదు. గ్వెనో అడగలేదు, అతనూ చెప్పలేదు. వెనకాల ఊరు ఊరంతా నల్లబట్టల్లో నడుస్తోంది. రెండు వైపులా రాతిగోడలున్న ఇరుకు దారి అది.

మలుపు దగ్గర ఆమోరీ దొరసాని బండి ఎదురైంది. పక్కనే గుర్రం మీద స్టాక్‌డేల్. దొరసాని బండి దిగింది. నల్ల ముసుగు, చేతిలో అద్దాల తోటలో పెంచిన తెల్లపూలు. కళ్ళు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. అది చూసి గ్వెనోకు ఇంకా ఒళ్ళు మండింది.

"నువ్వు మేరీ అక్కవి కదూ? చాలా బాధగా ఉంది. ఎంత మంచి పిల్లో."

"ఎవరు?"

"ఏమిటీ?"

"ఎవరు మంచి పిల్ల? పేరు చెప్పండి."

దొరసాని స్టాక్‌డేల్ వైపు చూసింది. "అది... మీ పేర్లు నాకు పలకడం..."

"మోర్విద్."

"మార్ఫిట్."

"మళ్ళీ."

"ఏయ్, హద్దు మీరుతున్నావ్!" స్టాక్‌డేల్ గుర్రాన్ని ముందుకు తోలాడు.

"ఇల్లు తీసేసుకున్నావుగా. ఇంకేం తీసుకుంటావ్?" గ్వెనో అతని వైపు తిరగను కూడా తిరగలేదు. "మళ్ళీ చెప్పండి దొరసానీ."

పెట్టె మోస్తున్నవాళ్ళు కదల్లేదు. వెనక ఊరూ కదల్లేదు. దొరసాని గొంతు సవరించుకుంది. "మోర్... మోర్విద్."

సరిగ్గానే పలికింది.

"మూడేళ్ళు తెల్లవారకముందే లేచి మీ గదిలో నిప్పు రాజేసింది," అంది గ్వెనో. "ఇంతేనండీ దాని పేరు. ఎంతసేపు పట్టింది మీకు?"

దొరసాని పూలు ముందుకు చాపింది. గ్వెనో చేతులు శాలువాలోంచి బయటికి రాలేదు. బెటి ముందుకు జరిగి, తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడదీసుకుంది.

"నాది నెస్టా. మీ తోటలో. మీ రాయి కింద. చెప్పండి, నెస్టా."

దొరసాని పూలతో సహా వెనక్కి తిరిగింది. గబగబా వెళ్ళి బండెక్కి తలుపు వేసుకుంది.

ఆ దారిలో రెండిటికీ చోటు లేదు. బండైనా వెనక్కి వెళ్ళాలి, పెట్టైనా వెనక్కి వెళ్ళాలి. ఇథెల్ భుజం మీద బరువు సర్దుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. తోలేవాడు స్టాక్‌డేల్ మొహం చూశాడు, పెట్టె వైపు చూశాడు, దిగి గుర్రాల కళ్ళేలు పట్టుకుని వెనక్కి నెట్టడం మొదలుపెట్టాడు. ఒక చక్రం గోడకు రాసుకుంది. ఇంకోటి బురద కాలవలోకి దిగబడింది. ఊళ్ళో మగవాళ్ళు నలభై మంది ఉన్నారక్కడ. ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు.

బండి వెనక్కి వెనక్కి పొలం గేటు దాకా వెళ్ళి పక్కకు తిరిగింది. అప్పుడు ఇథెల్ మొదటి అడుగు వేశాడు. బెటి పాట ఎత్తుకుంది.