‘హోల్డ్’ ఇంట్లో ఉన్నన్నాళ్లు

నిఘంటువు ఆఫీసులో పనిచేసేవాళ్లకి మాట ఇంటికి రావడం కొత్తేం కాదు. పొద్దున సంపాదకుడు ఎవరికి ఏ ఇంగ్లీషు మాట ఇస్తే, సాయంత్రానికి అది వాళ్లతో పాటు గడప దాటి లోపలికొచ్చేది. దాని అర్థాలు, వాడుకలు, పర్యాయపదాలు రాసి ఆఖరి చుక్క పెట్టేదాకా కదిలేది కాదు. ‘రెయిన్’ రాసినాయన వంటింట్లో కూడా గొడుగేసుకుని తిరిగాడు. ‘ఇచ్’ దొరికినాయన దురదకి గోక్కోలేక చచ్చి సెలవు పెట్టాడు. ఇరుగుపొరుగు ముందే మాటేమిటో వాకబు చేసి, దాన్నిబట్టి బట్టలు ఆరేసుకునేవాళ్లు.

అక్కకి ‘హోల్డ్’ వచ్చింది. ఇంట్లో చెల్లెలే కాదు, ఆఫీసులో పెద్దవాళ్లు కూడా ఆవిణ్ణి అక్కా అనే పిలిచేవాళ్లు.

ఆ సాయంత్రమే చెల్లెలు పెట్టెతో దిగింది. మూడోసారి కడుపుతో ఉంది. మొదటి రెండూ నిలవలేదు. ఆమె మొగుడు లారీ డ్రైవరు. పెట్టె లోపల పెట్టి, గుమ్మంలోనే నిలబడి, "వదినా, మీ దగ్గరుంటే నాకు ధైర్యం" అని ముఖం తిప్పుకుని వెళ్లిపోయాడు.

"ఈసారి ఆశ పెట్టుకోను అక్కా. నువ్వు కూడా ఉయ్యాలా గియ్యాలా ఏం కొనకు" అంది చెల్లెలు.

"నోర్ముయ్యవే. ముందు టీ తాగు."

టీ పోసిన కప్పుకి చెవి ఎప్పుడో విరిగింది. విరిగిన చెవి పట్టుకుని ఎత్తితే కప్పంతా లేచొచ్చింది. ఓహో, మాట దిగిందన్నమాట అనుకుంది అక్క.

ఇక అక్కణ్ణుంచి మొదలు. మేకు ఊడి కిందపడినా పటం గోడమీదే ఉంది. చిట్టి గిన్నెలో పాలవాడు పోసిన పాలన్నీ పట్టేశాయి. మెట్ల దీపం గురించి ఎన్నడూ కలవని మేడవాళ్లందరూ సమావేశం జరిపి, తిట్టుకోకుండా లేచారు. ఆకాశం నిండా మబ్బులే గాని చినుకు రాలలేదు. అక్క ఒక్కో వాడుకే రాసుకుంటూ పోయింది: పాత్రలో పట్టడం, సభ జరపడం, ఊపిరి బిగబట్టడం, ఫోనులో ఆగి ఉండటం.

వెనకటి రెండుసార్లూ చేదు మిగిల్చిన నెల వచ్చింది. ఇంట్లో ఎవరూ దాని పేరెత్తలేదు. నెల వెళ్లిపోయింది. ఓ మధ్యాహ్నం చెల్లెలు ఉన్నట్టుండి అక్క చెయ్యి లాగి పొట్టమీద పెట్టుకుంది. లోపల్నుంచి ఓ తన్ను తగిలింది. ఇద్దరూ చాలాసేపు ఊపిరి గట్టిగా తీసుకోలేదు.

కప్పునీ పటాన్నీ మబ్బునీ పట్టుకున్న మాటే బిడ్డనీ పట్టుకుందని అక్కకి అప్పుడు తట్టింది. ఆ రోజునుంచి ఆవిడ కలం నత్తనడక నడిచింది. ‘గ్రిప్’కీ ‘క్లచ్’కీ తేడా ఏమిటో పేజీలకు పేజీలు రాసింది. ‘కీప్’ దగ్గర కావాలనే తిష్ఠ వేసింది. అన్నిటికన్నా మొదటి అర్థం, పసివాళ్లకి కూడా తెలిసిన అర్థం, చేత్తో పట్టుకోవడం, దాన్ని మాత్రం ఖాళీగా వదిలేసింది.

సంపాదకుణ్ణి ఆఫీసులో చుక్కాయన అనేవాళ్లు. కనబడినప్పుడల్లా "చుక్క పడిందా?" అని అడగడం ఆయన అలవాటు.

"ఏమ్మా, నాలుగక్షరాల మాట. ఇన్నాళ్లా? దాని వెనకే ‘హాలిడే’ ఉంది. ఆఫీసంతా దానికోసం గుడ్లప్పగించి చూస్తోంది" అన్నాడాయన.

"దీనికి అర్థాలు ఎక్కువండీ."

ఆయనకి నమ్మకం కుదరక, మాట వెనక్కి తీసుకుపోదామని ఇంటికే వచ్చాడు. తలుపు తీసింది చెల్లెలు, నిండు పొట్టతో, నడుం మీద చెయ్యేసుకుని. చుక్కాయన ఆ పొట్టని చూశాడు. మేకు లేని పటాన్ని చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మంచినీళ్లడిగి తాగాడు.

"నిదానంగా రాయండమ్మా, కంగారేం లేదు" అని మెట్లు దిగిపోయాడు.

డాక్టరమ్మ చెప్పిన రోజు వచ్చింది. నొప్పులు రాలేదు. ఆ తర్వాతి రోజులూ అలాగే గడిచాయి.

"లోపల బిడ్డ నలిగిపోతోంది. గుండె చప్పుడు మందగించింది. ఆపరేషన్ చేద్దామంటే మత్తుసూది కూడా పట్టడం లేదు. ఇదేం ఒళ్లో నాకర్థం కావడం లేదు" అంది డాక్టరమ్మ ఓ పొద్దున ఆసుపత్రిలో.

అక్కకి అర్థమైంది. ఇంటికి పరిగెత్తుకొచ్చి బల్ల ముందు కూర్చుంది. కలం తీసింది. ఇన్నాళ్లూ నిలబెట్టింది ఈ మాట. ఇప్పుడు దీన్ని పంపించేస్తే బిడ్డ బతుకుతుందో జారిపోతుందో ఎవరు చెప్పగలరు? పంపించకపోతే మాత్రం తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. జీవితంలో ఎన్నడూ అంత భయపడలేదావిడ.

"ఇక వదిలెయ్ తల్లీ. నీకు దణ్ణం పెడతాను" అంది మాటతో, పైకే.

ఖాళీగా ఉన్న చోట రాసింది: చేత్తో పట్టుకోవడం. చుక్క పెట్టింది.

పటం దభీమని పడింది. కప్పు చెవి ఊడి బల్లమీద దొర్లింది. గిన్నెలో పాలు పొంగి నేలంతా పారాయి. బయట, ఇన్నాళ్లూ ఆగిన వానంతా ఒక్కసారిగా విరుచుకుపడింది. అక్క ఆ వానలోనే, చెప్పులు కూడా వేసుకోకుండా, ఆసుపత్రికి పరుగు తీసింది.

ఆవిడ వరండాలోకి వచ్చేసరికి లోపల చెల్లెలి కేక వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు. ఆ తర్వాత, వాన చప్పుణ్ణి కూడా మించి, సన్నటి ఏడుపు.

నర్సు తలుపు తోసుకుని గుడ్డలో చుట్టిన పసిదాన్ని తెచ్చింది. "తల్లి బాగానే ఉంది. నాకు లోపల పనుంది, కాస్త పట్టుకోండి" అంది.

అక్క తడిచేతులు గబగబా చీరకి తుడుచుకుని చాపింది. మాట వెళ్లిపోయింది. సాయానికి ఇక ఏదీ లేదు, ఉన్నవి తన రెండు చేతులే. పసిది కాళ్లు తన్నుకుంటూ గింజుకుంది.

జారలేదు.