చెద పట్టని ఒకటో పలక

నేను ఒక టేకు పలకను. ఈ లోకంలో పని మొదలుపెట్టిన నాడు నా చేతిలో ఉన్నవి మూడే: తొమ్మిదంగుళాల వెడల్పు, ఏడడుగుల పొడవు, నుదుట వడ్రంగి ఉలితో చెక్కిన ఒకటో అంకె. నూట పదేళ్లు వీటితోనే నెట్టుకొచ్చాను. మూలికల కొట్టుకి కాపలా కాసినదాన్ని కనక నా కథ కూడా లాభనష్టాల్లోనే చెబుతాను.

వెలగలరేవు పాత బజారులో చలవాది వారి కొట్టుకి మేం పదకొండు పలకలం. తలుపంటే మేమే. పైన దూలానికీ కింద గడపకీ గాడి ఉంటుంది. ఆ గాడికి ఎడమ చివర ఒక్కచోటే నోరు. సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు ముందు నన్ను అందులో దింపి కుడి చివరికంటా జరుపుతారు. నా వెనకే రెండోది, మూడోది. పదకొండోది పెట్టాక అడ్డకమ్మీ వేసి తాళం. పొద్దున వరస తిరగబడుతుంది. పదకొండోది ముందు వస్తుంది, నేను ఆఖరున. అందరికంటే ముందు పనిలోకి దిగి అందరికంటే వెనక బయటపడతాను. పెద్దరికమంటే ఇంతే కాబోలు. పగలంతా కొట్టు మూల చీకట్లో మిగతా పదింటితో పాటు నిలబడి ఉండేదాన్ని.

మూడో తరం యజమాని నాగభూషణం. శొంఠి, పిప్పళ్లు, కరక్కాయ, వసకొమ్ము అతని సరుకు. కొట్టుకి మూడు వైపులా గోడలే, దారి మా వైపు నుంచే.

నిరుడు పురపాలక సంఘం వారు పాత కట్టడాలను కాపాడాలని నిబంధనలు పెట్టారు. పట్టిక రాయడానికి ధనరాజు అనే అధికారి వచ్చాడు. కుర్రవాడు, నిజాయితీపరుడు, టేపు పట్టుకుంటే అంగుళం తప్పడు. రద్దీ ఉండదని అమావాస్యనాడు వచ్చాడు. మా బజారుకు అమావాస్య సెలవు. మమ్మల్ని కొలిచి, తట్టి, మురిసిపోయి, ‘పదకొండు పలకల ప్రాచీన చెక్క గోడ. ద్వారము లేదు. ఏ భాగమునూ కదపరాదు’ అని రాసుకున్నాడు. ఆ కాగితమే ఐదు, ఆరు పలకల మీద అడ్డంగా అతికించి వెళ్లాడు.

మర్నాడు నాగభూషణం వచ్చి కాగితం ముందు నిలబడిపోయాడు. కళ్లద్దాలు కొట్టు లోపల తక్కెడ మీద ఉన్నాయి.

“ఏంటి శెట్టిగారూ, గోడకి బేరం చెబుతున్నారా?” అంది పక్కనే గాజులమ్మే సన్యాసమ్మ. ఆవిడే చదివి వినిపించింది. నవ్వుతూ మొదలుపెట్టి, ‘ఉల్లంఘించిన యెడల శాశ్వతముగా మూసివేయబడును’ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేసింది.

నాగభూషణం పురపాలక సంఘానికి పరిగెత్తాడు. ఏమైందో వచ్చి సన్యాసమ్మకి చెబుతుంటే నేను విన్నాను.

“గోడ కాదండీ, తలుపండీ అన్నాను. ‘నేను కొలిచిన రోజు గోడేనండి’ అన్నాడు.”

“అమావాస్యని చెప్పలేకపోయారా?”

“చెప్పాను. ‘అమావాస్యనాడు చంద్రుణ్ణి పట్టికలో రాయమంటే ఎలాగండీ’ అన్నాడు. దిద్దమంటే మళ్లీ సర్వేలోనే దిద్దాలట. అది పదేళ్లకోసారట. అందాకా లోపలికెలా వెళ్లాలయ్యా అని అడిగాను.”

“ఏమన్నాడూ?”

“‘గోడలోంచి ఎవరైనా వెళతారా అండీ’ అన్నాడు. వెటకారం కాదమ్మా, నిజంగానే ఆశ్చర్యపోయాడు!”

పన్నెండు రోజులు కొట్టు తెరవలేదు. దగ్గుల కాలం. కషాయానికి వచ్చినవాళ్లు మమ్మల్ని చూసి పై వీధికి మళ్లిపోయారు. లోపల కరక్కాయల మీద పురుగు నడుస్తున్న చప్పుడు నాకు వినబడేది. తాత నాటి వాసన చచ్చిపోతోంది. బయట అరుగు మీద నాగభూషణం నిబంధనల పుస్తకాన్ని సన్యాసమ్మ చేత మళ్లీ మళ్లీ చదివించుకునేవాడు. పదమూడో రోజున “ఆగు, అదింకోసారి చదువు” అన్నాడు.

‘చెద పట్టిన భాగమును మాత్రము పగటిపూట తీసి బాగుచేయవచ్చును. సూర్యాస్తమయమునకు యథాస్థానమున ఉంచవలెను.’

అతను నేరుగా వెళ్లి, ఒక్కటంటే ఒక్క పలకకి చెద పట్టిందని అర్జీ పెట్టాడు. ఒకటో నంబరుకి. ఒక్కటే కదా అని ధనరాజు సంతోషంగా అనుమతి రాసిచ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పదకొండింటిలోకీ గట్టిదాన్ని నేను!

మర్నాడు కొట్టు ముందు నుంచి వెళుతూ ధనరాజు ఆగిపోయాడు.

“ఏవండీ, చెద ఒకదానికి పడితే పదకొండూ తీశారేంటి?”

“రోగి లోపలి గదిలో ఉందండీ బాబూ. ముందున్న పదీ తప్పుకోకుండా బయటికెలా తేనండీ?”

ధనరాజు పుస్తకం మొత్తం తిరగేశాడు. దారివ్వడం నేరమని ఎక్కడా లేదు.

అలా నేను రోగినయ్యాను. రోజూ రెండు ముక్కాలిపీటల మీద, కొట్టు ముందు ఎండలో పడక. ఒంటికి వేపనూనె. కొట్టుకొచ్చినవాళ్లు శొంఠి అడిగే ముందు, “ఒకటోదానికి ఎలా ఉంది?” అని నన్ను అడిగేవారు. కొందరు నా మీదే కూర్చుని అడిగేవారు.

నెల తిరిగేసరికి తనిఖీకి కబురొచ్చింది. చెద చూపించాలి. లేకపోతే అనుమతి రద్దు, కొట్టు మూత. ముందురోజు నాగభూషణం వడ్రంగిని పిలిచి బర్మాతో నాకు ఇరవై మూడు తూట్లు వేయించాడు. రోగంతో తూట్లు పడ్డవాళ్లుంటారు. నాకు వైద్యం కోసం పడ్డాయి.

ధనరాజు వంగి చూశాడు. తట్టాడు. నేను గంటలా మోగాను, దాచుకోలేకపోయాను.

“చెద ఇంత సమానంగా తింటుందా అండీ? గీత గీసినట్టుందే!”

“బజారు చెదండీ. కొలిచి తింటుంది.”

ధనరాజు నవ్వలేదు. తల ఎత్తి కొట్టు లోపలికి చూశాడు. గోనెలు, తక్కెడ, వసకొమ్ము కోసం చంటిపిల్లతో వచ్చిన తల్లి. తను గోడ అని రాసిన చోట పది మంది నిలబడి ఉన్నారు. తరవాత నా మీద కూర్చుని జేబులోంచి కలం తీశాడు.

“గోడని నేను దిద్దలేనండి. చెదనైతే ఉంచగలను.”

‘మరమ్మత్తు కొనసాగుచున్నది. తదుపరి సర్వే వరకు పట్టును’ అని రాసి సంతకం పెట్టాడు. వెళుతూ శొంఠి కట్టించుకున్నాడు.

ఇక లెక్క తేల్చాలి. పోయినవి: మచ్చలేని ఒళ్లు, గట్టిదాన్నన్న పేరు. వచ్చినవి: ఎండ, నూనె, బజారు కబుర్లు. ఆరోగ్యంగా ఉన్న ఆ పదీ ఇప్పటికీ మూల చీకట్లోనే నిలబడి ఉన్నాయి. నాకు నయం కాకూడదని బజారంతా రోజూ దీవిస్తోంది. ఇరవై మూడు తూట్లకి తెరిచి ఉన్న ఒక కొట్టు. బేరం గిట్టింది.