ఎవరూ అడగని కాగితం

ఆ సోమవారం మధ్యాహ్నం టీవీలో నల్లబట్టల ఆవిడ వెక్కుతూ దేశాన్నేలే నాయకుడు పోయాడన్న వార్త చదవగానే నేనూ గొల్లుమన్నాను. మాది దొంగేడుపని ఎవరైనా అంటే ఊరుకోను. పదిహేడేళ్ళు ఆయన కింద బతికాం. ఏ మాటకి చీవాట్లు, ఏ మాటకి కొండల్లోకి వెలివేసే ట్రక్కు అన్నది మా ఒంటికి తెలిసిపోయింది. ఇప్పుడు గద్దెనెక్కే ఆయన కొడుకు ముఖం మేం మొదటిసారి చూసి ఏడాది దాటిందంతే. ముప్ఫై ఏళ్ళు నిండాయో లేదో కూడా ఎవరికీ తెలీదు. అతనికి దేనికి కోపం వస్తుందో ఎవర్ని అడగాలి? నా ఏడుపులో సగం ఆ భయమే.

చోంగ్జిన్‌ పట్నంలో ఉక్కు మిల్లు వెనక మా బ్లాకు. ఇరవై ఎనిమిది కుటుంబాలు. వాళ్ళకి పెద్దని నేను. రోజుకి రెండుసార్లు అందర్నీ వరసలో నాయకుడి విగ్రహం దగ్గరికి నడిపించి పువ్వులు పెట్టించడం, ఎవరు వచ్చారో ఎవరు ఏడ్చారో సాయంత్రానికి రాసివ్వడం నా పని. సంతాప దినాలు కాబట్టి సంత మూశారు. మందు ముట్టకూడదు, గట్టిగా నవ్వకూడదు.

కింది వాటాలో ఉన్‌సిమ్ ఉండేది. టోఫు అమ్ముకునే మనిషి. మిల్లులో పనిచేసే మొగుడు చోల్‌గ్యు మూడేళ్ళ కిందట ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. అతని తద్దినం సరిగ్గా సంతాపం మూడో రోజున పడింది. ఏం చెయ్యమంటావని ముందే నా దగ్గరికి వచ్చి అడిగింది. తలుపేసుకుని చేసుకో, గిన్నెలో సారాకి బదులు నీళ్ళు పొయ్యి అని చెప్పాను. సరేనంది.

ఆ పొద్దున చూసొద్దామని వెళ్ళాను. అన్నం, ఎండుచేప, గిన్నె పెట్టి సాష్టాంగపడి ఏడుస్తోంది. ఆ వారంలో నేను చూసిన ఏడుపులన్నిటిలోకి అదే మెత్తనిది. లేచాక ఆ గిన్నె తీసి రెండు చేతులతో నాకిచ్చింది. పోయినవాళ్ళకి పెట్టింది ఉన్నవాళ్ళు పంచుకోవాలి, పెద్దవాళ్ళు కాదనకూడదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేస్తున్న పని. రెండు చేతులా అందుకుని, ముఖం పక్కకి తిప్పుకుని, గుక్కలో తాగేశాను. గొంతు భగ్గుమన్నాక గానీ అది మొక్కజొన్న సారా అని తెలీలేదు.

"నీళ్ళు పొయ్యమన్నాను కదే నీకు!"

"పోయే ముందురోజు ఒక్క గుక్క సారా అడిగాడక్కా. డాక్టరు వద్దన్నాడని నీళ్ళిచ్చాను. మళ్ళీ నీళ్ళే ఎట్లా పొయ్యను?"

నోరు తుడుచుకుని బయటపడ్డాను. ఖర్మకొద్దీ మెట్ల మీద మూడో అంతస్తు మేంగ్ ఎదురైంది. ముక్కు ఎగబీల్చి, "ఈ చలికి దగ్గుమందు బాగా పడుతోందే అక్కగారికి" అంది, నవ్వకుండా.

పాతరోజులైతే మేంగ్‌కి నాలుగు చేపలు పంపి నోరు మూయించేదాన్ని. ఇప్పుడు కొత్త దొర దగ్గర మంచిపేరు కోసం ఎవరు ఏం చేస్తారో ఎవరు చూడొచ్చారు? అది రాసిందంటే ఉన్‌సిమ్ పేరు పక్కన నా పేరూ ఉంటుంది. దానికంటే ముందు నేనే రాస్తే?

ఆరో రోజున రాశాను. తద్దినంలో ఉన్‌సిమ్ సారా పోసిందని రాశాను. తాగిందెవరో రాయలేదు. భద్రతాధికారి ర్యు అది రెండుసార్లు చదివి, ఇలాంటివాళ్ళని ఏం చెయ్యాలో పైనుంచి ఇంకా ఏ ఆదేశమూ రాలేదంటూ సొరుగులో పెట్టాడు. ఆ క్షణంలో చెయ్యి చాపి వెనక్కి తీసుకోవాల్సింది. చాపలేదు.

జనవరి చివర ఉన్‌సిమ్ వాకిట్లో ట్రక్కు ఆగింది. ర్యు దగ్గరికి పరుగెత్తాను. ఆదేశం వచ్చిందా కామ్రేడ్ అని అడిగాను. అతను లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"రాలేదు. వచ్చేనాటికి ఇదిగో పంపేశామని చూపించడానికి ఒక్కరూ లేకపోతే ఎట్లా అని మా పెద్దాయన ముందే పంపించేస్తున్నాడు. ఆయన్నని లాభం లేదు. కొత్తాయన మెతకో గట్టో ఆయనకి మాత్రం ఏం తెలుసు?"

మేంగ్ ఏం రాసిందని అడిగాను.

"ఆవిడా? ఏమీ రాయలేదే. మీ బ్లాకునుంచి కాగితం ఇచ్చింది మీరొక్కరే."

తిరిగొచ్చేసరికి సామాను సగం ఎక్కించేశారు. ఇరుగుపొరుగు ఒక్కరూ బయటికి రాలేదు, కిటికీల్లోంచి చూస్తున్నారు. మేంగ్ ఒక్కతే ఆ మంచులో నిలబడి పరుపుచుట్టకి తాడు బిగిస్తోంది. ఉన్‌సిమ్ నన్ను చూడగానే వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"ఎవరు రాశారో నాకు తెలుసులే అక్కా. ఆ తాడు కడుతున్న మహాతల్లే. చేసిన పాపానికి మొహం చెల్లక సాయానికొచ్చింది. నువ్వు నాకోసం ఎంత ఆపి ఉంటావో నాకు తెలీదూ?" అంది.

మేంగ్‌కి ఆ మాట వినపడింది. తల తిప్పి నా వైపు చూసింది. నేను నిజం చెబుతానేమోనని కాసేపు చూసింది. తర్వాత మళ్ళీ తాడు ముడి మీదికి వంగింది.

ఉన్‌సిమ్ చేతులు వదిలించుకుని, బియ్యం మూట ఒక కొస పట్టుకుని ట్రక్కులోకి ఎత్తించాను.